పక్కదాని మునం

మృణాళిని మేడం మాట్లాడుతూ మాట్లాడుతూనే టీ గ్లాసును మోచేత్తో బల్ల అంచు మీంచి తోసేసింది. కృపావరం చెయ్యి ఎప్పుడు లేచిందో అతనికే తెలీదు. గ్లాసు నేలకి తగలకముందే గుప్పిట్లో ఉంది. టీ మాత్రం చొక్కా నిండా ఒలికింది.

"అయ్యో మేడం!"

"చొక్కా సంగతి తర్వాత. ఇటు చూడు."

కొలతల గదిలో ఆమెకి సాయంగా ఉండే కృపావరం మెడ వెనక రూపాయి బిళ్లంత ప్లాస్టిక్ బిళ్ల అంటించి ఉంది. అది గీసిన గీత తెర మీద కనిపిస్తోంది.

"పట్టుకోవాలని నువ్వు అనుకోకముందే నీ ఒళ్లు బయల్దేరింది. ఇప్పుడు ఈ గీత చూడు. పొద్దున పెట్టె ఎత్తమని నేను చెప్పినప్పటిది. నువ్వు నవ్వుతూ సరే అన్నావు. ఒళ్లు మాత్రం ఆలస్యంగా కదిలింది. నోరు అబద్ధం ఆడింది కృపా, మెడ ఆడలేదు."

"నేనేం విసుక్కోలేదు మేడం," అని నసిగాడు కృపావరం.

"విసుక్కోలేదు. ఇష్టపడలేదు, అంతే. ఇష్టమైన పనికి ఒళ్లు ముందు లేస్తుంది, ఆలోచన వెనక వస్తుంది. ఇష్టం లేని పనికి ఆలోచన వెనకనుంచి తోస్తే ఒళ్లు ఈడ్చుకుంటూ కదులుతుంది. ఆ రెండింటికీ మధ్యనున్న సందునే మనం కొలుస్తున్నాం."

ఆ కొలతకి ఆమె పెట్టిన పేరు ఒప్పుదల. ఏళ్ల తరబడి పెళ్లీ పేరంటం లేకుండా, హైదరాబాదులో ఒక చిన్న గదిలో కూర్చుని కనిపెట్టింది. మంచికే కనిపెట్టింది. మనిషికి ఏ పని ఇష్టమో తెలిస్తే ఆ పనే ఇవ్వచ్చు కదా అనుకుంది. కొనుక్కున్నవాడు అలా అనుకోలేదు.

దాన్నీ, దాంతోపాటు ఆమెనీ కొనుక్కున్నది బూట్ల కంపెనీ. ఒకే రకం బూట్లని నాలుగు దేశాల్లో కుట్టిస్తుంది: జపాన్‌లో, జర్మనీలో, మెక్సికోలో, ఇక్కడ సూళ్లూరుపేట దాటాక హైవే పక్కన. ఏ దేశపు మనిషి పనికి ఎక్కువ కట్టుబడి ఉంటాడో తేల్చాలని పైవాళ్ల కోరిక. ఇంతకుముందు ప్రశ్నలు అచ్చువేసి పంచేవాళ్లు. మీ కంపెనీ అంటే మీకు గర్వమేనా అని అడిగితే, ఉద్యోగం కావాల్సిన ఎవడు కాదంటాడు? ఒక దేశంవాళ్లు మర్యాదకి మధ్యలో టిక్కు పెట్టారు. మనవాళ్లు భయానికి పై గడిలో పెట్టారు. ఆ లెక్కలు దేనికీ పనికిరాలేదు. ఇప్పుడు ప్రతి మెడకీ ఒక బిళ్ల అంటించి, నోళ్లని వదిలేసి మెడల్ని అడగొచ్చు.

అడిగి ఊరుకోరు. ఏడాది తిరిగేసరికి ఏ దేశం గీత అడుగున ఉంటే ఆ దేశంలో ఫ్యాక్టరీ మూసేస్తారు. ఈ మాట ఎవరూ పైకి అనలేదు. కానీ క్యాంటీన్‌లో గిన్నెలు తోమేవాళ్లకి కూడా తెలుసు.

ఇక్కడి గీత అడుగునే ఉంది.

*

కృపావరం భార్య సలోమి ఆ ఫ్యాక్టరీలోనే ఏడో లైన్లో కుట్టు మిషను మీద పనిచేస్తుంది. చిన్నప్పుడు వచ్చిన కీళ్లజ్వరం ఆమె గుండెలో ఒక కవాటాన్ని తినేసింది. మేడ మెట్లు ఎక్కితే చాలు, మధ్యలో ఆగి గోడ పట్టుకుంటుంది.

"ఏంది మామా, దొంగని చూసినట్టు చూస్తుండావు?"

"ఇయ్యాల పోబాకమ్మే. ఇంట్లో పండుకో."

"పండుకుంటే పేరు తీసేస్తారు. పేరు తీసేస్తే కార్డు పోతాది. కార్డు పోతే ఆపరేషన్ ఎవురు చేస్తారు, నువ్వు చేస్తావా? నీకు గ్యాసు స్టవ్వు విప్పి బిగించడమే రాదు."

అసలు చిక్కంతా అక్కడే ఉంది. ఆపరేషన్‌కి తారీఖు ఇచ్చారు, వచ్చే నెలలో. కంపెనీ ఆస్పత్రి కార్డు మీద ఇచ్చారు. కార్డు ఉండాలంటే ఉద్యోగం ఉండాలి. ఉద్యోగం ఉండాలంటే రోజూ మిషను ముందు కూర్చోవాలి. కూర్చుంటే గుండె ఆ తారీఖుదాకా నిలుస్తుందో లేదో ఎవరూ చెప్పలేరు.

సలోమి బస్సెక్కింది. వెనకే టిఫిన్ డబ్బా పట్టుకుని కృపావరం ఎక్కాడు.

*

ఆ మధ్యాహ్నం కొలతల గదిలో తెరలు చూస్తున్న కృపావరం కుర్చీలో ముందుకు వంగాడు. ఏడో లైన్లో ఒక బిళ్ల ఒప్పుదల పైపైకి పోతోంది. జపాన్‌ని దాటింది. జర్మనీని దాటింది. నాలుగు దేశాల్లో ఏ మెడ మీదా అంత ఎత్తు గీత ఇంతవరకు పడలేదు. బిళ్ల కింద పేరు చూశాడు. సలోమి.

కిందికి పరిగెత్తాడు. సలోమి కుర్చీ ఖాళీగా ఉంది. పక్క మిషను మీద చెంగమ్మ రెండు మిషన్ల పని ఒక్కతే లాగుతోంది. యాభై దాటిన మనిషి, లైన్లో అందరికీ అక్క. కొప్పు కింద ఆమె మెడ మీద ఒకటి కాదు, రెండు బిళ్లలున్నాయి.

"అక్కా! ఏంది ఇది?"

"గట్టిగా అరవబాకయ్యా, లేస్తాది," అంది చెంగమ్మ తల ఎత్తకుండా. "అట్టపెట్టెల వెనకాల పండుకోనుంది. పెదాలు నీలంగా అయిపోతుంటే నేనే పొమ్మన్నా."

"దాని బిళ్ల నువ్వెందుకు పెట్టుకున్నావు?"

"మరి దాని పని నేను చేస్తుంటే దాని బిళ్ల నాకాడ కాక యాడుండాల? వరి మళ్లో ఒకత్తి ఎనకబడితే దాని మునం అట్నే వదిలేసి పోతామా?"

కృపావరానికి తన ఊరి పొలం గుర్తొచ్చింది. అతని తల్లి కూడా అలాగే చేసేది. కలుపు తీసేటప్పుడు వరసలో ఒక్కొక్కరికి ఒక్కో మునం, పొలంలో ఒక బారు. ఒంట్లో బాలేని మనిషి వెనకబడితే అటుపక్కామె ఒక జానెడు, ఇటుపక్కామె ఒక జానెడు ఆమె మునంలోంచి తమ మునంలోకి కలుపుకుంటారు. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. గట్టు మీదున్న ఆసామికి వరస సమంగానే కనిపిస్తుంది.

అతను మెట్లెక్కి వచ్చేసరికి మృణాళిని మేడం తెర ముందు నిలబడి ఉంది.

"ఇది మోసం, కృపా. ఒకరి బిళ్ల ఇంకొకరు పెట్టుకున్నారు. రెండు బిళ్లల్లోంచీ ఒకే గుండె చప్పుడు వస్తోంది. ఇద్దరినీ తీసేయాలి. రూలు నేను పెట్టింది కాదు."

అప్పుడు కృపావరం చెప్పేశాడు. సలోమి తన భార్య అని చెప్పాడు, గుండె సంగతి చెప్పాడు, కార్డు సంగతి చెప్పాడు, మునం సంగతి చెప్పాడు. మోసం కాదు మేడం, మా ఆడవాళ్ల పద్ధతి మేడం అన్నాడు. నమ్మరేమోనని తనే తెర మీద చూపించాడు. "చూడండి మేడం. చెంగమ్మక్క ఒక్కతే కాదు. సలోమి నీరసపడిన గంటల్లో ఆమెకి ఎడంపక్క వాళ్లవీ, కుడిపక్క వాళ్లవీ, ఎదురు వరసవీ గీతలు ఎట్లా లేచాయో చూడండి. వీళ్లకి పనంటే ఇష్టం లేక కాదు మేడం. పక్క మనిషి పనంటే ఇంకా ఇష్టం."

భార్యనీ చెంగమ్మనీ కాపాడుకోవాలని కన్నీళ్లతో చెప్పిన మాటలు అవి.

మృణాళిని తెర మీది గీతల్ని ఒక్కొక్కటే వెనక్కి జరిపి చూసింది. ఆమె చెయ్యి నోటి దగ్గరికి వెళ్లింది.

"దొరికింది," అంది మెల్లగా. "కృపా, ఇది ఎవరికీ దొరకలేదు."

ఇద్దరి ఉద్యోగాలూ నిలబడ్డాయి. ఆమె ఆ సాయంత్రమే పై ఆఫీసుకి రాసి పంపింది. కృపావరం ఇంటికి మల్లెపూలు కొనుక్కుని వెళ్లాడు.

*

మర్నాడు సలోమిని మూడో లైనుకి మార్చారు. ఆ మర్నాడు పదో లైనుకి. తర్వాత ఒకటో లైనుకి. ప్రతిచోటా లైను నట్టనడుమ, అందరికీ కనిపించేచోట కుర్చీ వేశారు. కొత్త లైనువాళ్లు ఆమె రొప్పు చూడగానే చేతులు చాచేవాళ్లు. గీత లేచేది. ఇంకో రోజు ఉంటే అలవాటు పడిపోయేవాళ్లు. అలవాటు పడకముందే ఆమెని ఇంకో లైనుకి తిప్పేవాళ్లు.

ఆమెతో ఆగలేదు. కాన్పయి పచ్చి ఒళ్లు ఆరకముందే పనికొచ్చిన పిల్లని అయిదో లైను మధ్యలో కూర్చోబెట్టారు. చెయ్యి కాలిన ఆమెకి సెలవు ఇవ్వలేదు, కట్టుతోనే ఎనిమిదో లైన్లో కూర్చోబెట్టారు. మందుల గదిలో డాక్టరు ఎవరికీ విశ్రాంతి రాయడం మానేశాడు. లైనుకి ఒక రోగి ఉండాలి. అదీ కొత్త పద్ధతి.

ఇక్కడి గీత మెక్సికోని దాటింది. ఆ రోజు క్యాంటీన్‌లో అందరికీ లడ్డూలు పంచారు. ఫ్యాక్టరీ నిలబడుతుందని ఆడవాళ్లు ఒకరినొకరు కౌగిలించుకున్నారు. ఏ లైను టార్గెట్ దాటినా మైకుల్లో ఒక సన్నాయి ముక్క మోగేలా పెట్టారు. అది రోజంతా మోగుతూనే ఉంది.

కృపావరం లడ్డూ తినలేదు. మృణాళిని బల్ల మీద పెట్టాడు.

"మీరేం రాసి పంపారు మేడం?"

"ఉన్నదే రాశాను. బలహీనమైన మనిషి పక్కనుంటే ఇక్కడివాళ్ల ఒప్పుదల పెరుగుతుందని."

"నా పెళ్లాం రోజూ చస్తోంది మేడం. గాలానికి వానపామును గుచ్చినట్టు గుచ్చి లైను లైనుకీ తిప్పుతున్నారు."

మృణాళిని కళ్లు తిప్పుకుంది. "ఆపమని రెండుసార్లు రాశాను. గీత పడిపోతే ఎవరు బాధ్యత అని అడిగారు. పడిపోతే మూసేస్తారు. ఇన్ని వేలమందిని రోడ్డున పడేయమంటావా? చెప్పు, నువ్వు చెప్పు. నువ్వు చెప్పినట్టే చేస్తాను."

ఆ ప్రశ్న అడగడం కంపెనీకి కొత్త కాదు. ఎక్కడైనా ఒక మనిషి మెడ మీద కాలు పెట్టి, తీస్తే మిగతావాళ్లు పడిపోతారు సుమా అని ఆ మనిషినే భయపెడుతుంది.

నాలుగు ఫ్యాక్టరీల కొలతల గదులకీ ఒక వీడియో లైను ఉంది, యంత్రాలు చెడితే మాట్లాడుకోవడానికి. మెక్సికోలో ఆ గది చూసే ఆమె పేరు లూపే. అక్కడ తెల్లవారుతున్నప్పుడు ఇక్కడ సాయంత్రం. ఇద్దరికీ సరిగా రాని ఇంగ్లీషులో ఇద్దరూ చాలాసార్లు మాట్లాడుకున్నారు.

"మీ గీత లేచింది. అభినందనలు," అంది లూపే. ఆమె ముఖంలో నవ్వు లేదు. "మాది కూడా లేస్తుంది చూడు. వచ్చేవారం నుంచి తల్లీకూతుళ్లని ఒకే లైన్లో కూర్చోబెడుతున్నారు. కూతురు వెనకబడితే తల్లికి కూడా ఇంటికి వెళ్లే బస్సు ఉండదు."

"జపాన్‌లో?"

"ఒక్కరి పని మిగిలితే లైనంతా లేచి నిలబడాలి, ఆమె ముగించేదాకా. జర్మనీ సంగతి తెలీదు, వాళ్ల గది వాడు ఫోన్ ఎత్తడం మానేశాడు." ఆమె కెమెరాకి దగ్గరగా వచ్చింది. "దేశాలని పోల్చడానికి కాదు కృపా ఈ బిళ్లలు. ఏ దేశంలో మనిషిని ఎక్కడ పట్టుకుని లాగాలో వెతకడానికి. మీ దగ్గర దేన్ని పట్టుకున్నారు?"

"నా భార్యని," అన్నాడు కృపావరం.

*

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని సలోమికి మొత్తం చెప్పాడు. తను తెర మీద వేలు పెట్టి చూపించిన సంగతి కూడా దాచలేదు. ఆమె ముద్ద కలుపుతూ ఆగిపోయింది. తిడుతుందనుకున్నాడు. ఏడుస్తుందనుకున్నాడు.

"అందుకా నన్ను పెళ్లికూతురు మాదిరి నడిమధ్యన కూర్చోబెడుతుండారు!" అని నవ్వింది. నవ్వు దగ్గుగా మారింది. దగ్గు ఆగాక అంది: "అయితే సులువే గదా మామా. ఎవురూ నా జోలికి రాబళ్లేదు. నా పని ముట్టుకోబళ్లేదు. గీత లేవకపోతే నా వల్ల లాభం లేదని వాళ్లే ఒక మూల పడేస్తారు. మూల పడేస్తే నేను ఊపిరి పీల్చుకుంటా."

మర్నాడు బస్సులో లేచి నిలబడి అదే మాట అందరికీ చెప్పింది.

"గీత పడితే మూసేస్తారేమోమే," అంది వెనక సీట్లోంచి ఒకామె.

"మూసేస్తే మూసేయనీ!" చెంగమ్మ విరుచుకుపడింది. "దీన్ని చంపుకొని తినే కూడు నాకొద్దు. ఇయ్యాల్టినించి ఎవురూ దాని పీసు ముట్టుకోబాకండి. అయిదో లైను పిల్లదీ అంతే, చెయ్యి కాలినదాందీ అంతే. చేతులు ఒళ్లో పెట్టుకోండి, మీ పని మీరు చూసుకోండి. ఒట్టు."

బస్సంతా ఒట్టేసింది. చరిత్రలో ఇట్లాంటి సమ్మె ఎక్కడైనా జరిగిందా? పని మానడం కాదు. పక్కదానికి సాయం మానడం.

*

ఆ రోజు సలోమిని మళ్లీ ఏడో లైనుకే తెచ్చారు. కృపావరం తెర ముందు కూర్చున్నాడు. పక్కన మృణాళిని నిలబడింది. ఆమెకి అతను ఏం చెప్పలేదు.

మిషన్లు మొదలయ్యాయి. సలోమి ముందు బూటు పైతోళ్లు పేరుకుంటున్నాయి. ఒకటి కుట్టి ఆగుతోంది. ఇంకోటి అందుకోబోయి మిషను మీద తల ఆనిస్తోంది. చెంగమ్మ తన మిషను సూది వంకే చూస్తోంది. దవడ బిగుసుకుపోయి ఉంది. ఎదురు వరసలో ఆడవాళ్లు పెదాలు కొరుక్కుంటున్నారు. ఒక్క చెయ్యీ కదలడం లేదు.

గీత పడిపోవాలి.

గీత లేచింది.

మామూలుగా కాదు, గోడలా లేచింది. చెంగమ్మది, ఎడంపక్క వాళ్లది, ఎదురు వరసది. లైనంతా. మైకుల్లో సన్నాయి ముక్క మోగింది.

"ఏంటిది మేడం? వాళ్లు సాయం చేయడం లేదు! ఎవరూ ముట్టుకోవడం లేదు!"

మృణాళిని తెర దగ్గరికి వంగింది. "చెయ్యి కదిలితే ఒళ్లు సర్దుకుంటుంది కృపా. కదలకుండా ఆపుతున్నారు. ఒళ్లు బయల్దేరుతోంది, వాళ్లు ఆపుతున్నారు, మళ్లీ బయల్దేరుతోంది. బిళ్లకి బయల్దేరడమే కనిపిస్తుంది." ఆమె తెర మీద అరచెయ్యి ఆనించింది. "దీన్నుంచి తప్పించుకోవడం ఎవరివల్లా కాదు. నేనే... నేనే అట్లా చేశాను."

సాయం చేసినా లాభం కంపెనీకే, మానేసినా కంపెనీకే. ఇక మిగిలిందేముంది? ఆ ఆడవాళ్లకి ఇది తెలీదు. వాళ్లు కింద ఒట్టు నిలబెట్టుకుంటూ, గోళ్లు అరచేతుల్లోకి దిగేలా పిడికిళ్లు బిగించి కూర్చున్నారు.

కృపావరం లేచి మెట్ల వైపు పరిగెత్తాడు. సగం మెట్ల మీదుండగానే చప్పుడు వినిపించింది. సలోమి కుర్చీతో సహా పక్కకి ఒరిగిపోయింది.

చెంగమ్మ చేతులు ఒట్టు సంగతి మరిచిపోయాయి. సలోమి తల నేలకి తగలకముందే ఆ చేతుల్లో ఉంది.

"లేవండే!" అని అరిచింది. "ఇంకా ఏం చూస్తుండారు, లేవండి!"

ఏడో లైను లేచింది. తిరుగుతున్న మిషన్లు అట్లాగే వదిలేసి మూడోది లేచింది, పదోది లేచింది. సలోమి ఏ లైన్లో ఒక రోజు కూర్చుందో ఆ లైన్లన్నీ లేచాయి. పచ్చి బాలింత లేచింది, కట్టు కట్టిన చేతితో ఎనిమిదో లైనామె లేచింది. ఒక్కో మిషనూ ఆగిపోయింది. షెడ్డు మొత్తంలో సన్నాయి ముక్క ఒక్కటే మోగుతోంది, ఆగకుండా, మళ్లీ మళ్లీ.

గేటు దగ్గర సెక్యూరిటీవాడు చేతులు అడ్డం పెట్టాడు. "షిఫ్టులో గేటు తీయగూడదమ్మా, పర్మిషన్ కావాల."

"నువ్వు జరుగుతావా, నీ మీంచి పొమ్మంటావా?" అంది చెంగమ్మ.

వాడు వెనకున్న జనాన్ని చూశాడు. జరిగాడు.

బయట షిఫ్టు బస్సు ఉంది. సలోమిని వెనక సీటు మీద పడుకోబెట్టారు. కృపావరం ఆమె తలని ఒళ్లోకి తీసుకున్నాడు. పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి. ఊపిరి ఉందో లేదో చెవి ఆనిస్తే గానీ తెలియడం లేదు. బస్సు హైవే ఎక్కి నాయుడుపేట ఆస్పత్రి వైపు పరుగెత్తింది. ఎక్కగలిగినవాళ్లు ఎక్కారు, ఎక్కలేనివాళ్లు గేటు ముందు రోడ్డు మీదే కూర్చున్నారు. లోపలికి ఎవరూ వెళ్లలేదు.

ఫోన్ మోగింది. పై ఆఫీసు. కృపావరం ఎత్తలేదు. వెంటనే మెసేజ్ వచ్చింది: ఈ గంటలో మీ ఒప్పుదల నాలుగు దేశాల్లో ఎప్పుడూ లేనంత ఎత్తుకి వెళ్లింది. ఏ పద్ధతి వాడారో వెంటనే రాసి పంపండి. మిగతా మూడు చోట్లా అమలు చేయాలి.

దాని కిందే లూపే నుంచి ఇంకొకటి: మీ గీత మా తెర దాటి పోయింది. ఇక్కడ రాత్రి షిఫ్టంతా చూస్తున్నారు. ఏం చేశారు?

"ఎవురయ్యా?" అంది చెంగమ్మ.

"మెక్సికో అక్కా. అక్కడి ఫ్యాక్టరీ. మనమేం చేశామని అడుగుతుండారు."

"ఆడోళ్లేనా వాళ్లు?"

"ఆడోళ్లే. తల్లీకూతుళ్లు."

"అయితే చెప్పు. దాచేదేముండాది?"

కృపావరం ఒకే జవాబు ఇద్దరికీ పంపాడు. పని ఆపేశాం.

పై ఆఫీసు నుంచి ఏమీ రాలేదు. లూపే నుంచి వచ్చింది: మొత్తమా?

మొత్తం, అని కొట్టాడు.

ఫోన్ సీటు మీద పడేసి, సలోమి జుట్టు పక్కకి తీసి, మెడ మీది బిళ్ల పట్టి లాగాడు. అంటుకుపోయి ఉంది. చర్మంతో సహా వచ్చింది. ఆమె ఉలకలేదు. కానీ ఆమె కుడిచేతి వేళ్లు చీర మీద మెల్లగా కదులుతున్నాయి, కనపడని బూటు తోలుని సూది కింద తిప్పుతున్నట్టు. తిప్పి, ఆగి, ఇంకోటి అందుకోబోతున్నట్టు.

చెంగమ్మ కింద కూర్చుని ఆ వేళ్లని రెండు చేతుల్లోకీ తీసుకుంది.

"చాల్లేమే," అంది. "నువ్వు పండుకో. మిగతాది నేను కుడతా."